అరుపు మధ్యలో ఆగిపోతే నవ్వెందుకొస్తుంది?

"ఒరేయ్, నా వెనకాల వస్తున్నది నువ్వే కదా, కొంచెం ముందుకి..."

అంతే. మాట తెగిపోయింది.

ఇది లీథల్ కంపెనీ గేమ్‌లో, పాడుబడ్డ ఫ్యాక్టరీ లోపల చీకటి కారిడార్‌లో, నలుగురు ఫ్రెండ్స్‌లో ఒకడి గొంతు. వాడి వెనకాల ఎవరూ లేరు, అంటే మనుషులెవరూ లేరు. ఒకడు బయట షిప్‌లో కూర్చుని మ్యాప్ చూస్తున్నాడు, ఇంకొకడు ఎక్కడో మెట్ల దగ్గర ఇనుప రేకు మోసుకుంటూ దారి వెతుక్కుంటున్నాడు, మూడోవాడు మాత్రం పక్క గదిలోనే ఉండి ఆ మాట సగం వరకూ విన్నాడు. రెండు సెకన్లు నిశ్శబ్దం. ఆ తర్వాత ఆ మూడోవాడికి వచ్చేది భయం కాదు, ఆపుకోలేని నవ్వు. నవ్వుకుంటూనే పరుగు తీస్తాడు, ఎటు పరిగెడుతున్నాడో తనకే తెలీదు, చివరికి అదే కారిడార్‌లోకి వెళ్లి వాడూ పోతాడు.

ఫ్రెండ్స్‌తో కలిసి ఆడే హారర్ గేమ్స్ అంటే దాదాపు ఇదే. 2020 నుంచి ఫాస్మోఫోబియా, లీథల్ కంపెనీ, కంటెంట్ వార్నింగ్, రెపో అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. వీటిలో గ్రాఫిక్స్ అంతంతమాత్రం, కథ అసలు లేదంటే లేనట్టే, మాన్‌స్టర్లు కొన్నయితే బొమ్మల్లా ఉంటాయి. అయినా జనం రాత్రంతా కూర్చుని ఆడుతున్నారు. కారణం అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు "ఫ్రెండ్స్‌తో ఏ గేమైనా బాగుంటుంది" అని. అది సగమే నిజం. ఫ్రెండ్స్‌తో ఆడినా బోరు కొట్టే గేమ్స్ బోలెడున్నాయి. ఇవి పనిచేయడానికి వేరే కారణం ఉంది: ఇక్కడ భయపెట్టేది మాన్‌స్టర్ కాదు, పక్కవాడి గొంతు వినిపించకపోవడం. నవ్వించేది కూడా అదే.

దీనికి మూలం ప్రాక్సిమిటీ చాట్. గేమ్‌లో మీ పాత్రకి దగ్గరగా ఉన్నవాడి మాట గట్టిగా వినిపిస్తుంది, దూరం జరిగితే సన్నగిల్లుతుంది, ఇంకా దూరం వెళ్తే అసలు వినిపించదు. ఇది కొత్త కనిపెట్టుడేం కాదు, 2004లో వచ్చిన హేలో 2 అనే షూటింగ్ గేమ్‌లోనే ఉంది. కానీ అక్కడ అది సరదాకి పెట్టిన ఒక సదుపాయం, ఉన్నా లేకపోయినా ఆట ఆటే. లీథల్ కంపెనీకి వచ్చేసరికి ఆటంతా దాని మీదే నిలబడింది. మామూలుగా ఆన్‌లైన్‌లో కలిసి ఆడేవాళ్లు పక్కన ఒక కాల్ పెట్టుకుని మాట్లాడుకుంటారు కదా, అందులో అందరి గొంతూ ఎప్పుడూ ఒకే స్థాయిలో చెవిలో ఉంటుంది, ఎవడు ఎక్కడున్నా మంచం మీద పక్కన కూర్చున్నట్టే. అలా ఉంటే ఎవరూ ఒంటరి కాదు. ఒంటరితనం లేకపోతే చీకటి గది ఉత్త చీకటి గదే. ఈ గేమ్స్‌ని ఆ కాల్‌లో ఉండి ఆడి "ఏముంది దీంట్లో" అని పక్కన పడేసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఆడింది వేరే గేమ్ అనుకోవాలి.

కలిసి ఆడే హారర్ అంతకుముందు లేదా అంటే, ఉంది. 2008లో వాల్వ్ విడుదల చేసిన లెఫ్ట్ ఫర్ డెడ్‌లో నలుగురు కలిసి జాంబీల మధ్య నుంచి బయటపడాలి. ఆటగాళ్ల పరిస్థితి చూసి ఎప్పుడు గుంపుని వదలాలో, ఎప్పుడు ఊపిరి పీల్చుకోనివ్వాలో నిర్ణయించే ఏఐ డైరెక్టర్ అనే ఏర్పాటు అందులో ఉంది, ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటారు. హంటర్ అనే జాంబీ మీద పడితే ఎవరికి వాళ్లు లేవలేరు, ఇంకొకడు వచ్చి విడిపించాల్సిందే. స్మోకర్ అనేది నాలుకతో పట్టి లాక్కుపోతుంది, అప్పుడూ అంతే. అంటే విడిపోతే చస్తారు అనే సూత్రం అప్పటికే ఉంది. కాకపోతే అక్కడ చేతిలో తుపాకీ ఉంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది, కాబట్టి నాలుగు రౌండ్లు ఆడేసరికి భయం పోయి అది షూటింగ్ గేమ్ అయిపోతుంది. గొప్ప గేమే, అందులో సందేహం లేదు, కానీ హారర్ అని పేరుకే.

మలుపు 2020 సెప్టెంబర్‌లో వచ్చింది. ఫాస్మోఫోబియాలో నలుగురు దెయ్యాల్ని పరిశోధించేవాళ్లు ఒక ఇంట్లోకి వెళ్లి అక్కడున్నది ఏ రకం దెయ్యమో కనిపెట్టాలి. చంపడం లేదు, కొట్టడం లేదు. థర్మామీటర్‌తో చలి కొలవాలి, విద్యుదయస్కాంత తరంగాలు కొలిచే ఈఎంఎఫ్ రీడర్ చూడాలి, పుస్తకం పెట్టి దెయ్యం ఏమైనా రాస్తుందేమో కాచుకోవాలి. ఇందులో చేసిన తెలివైన పని ఏంటంటే మైక్‌ని ఆటలోకి లాగారు. స్పిరిట్ బాక్స్ పట్టుకుని "ఎక్కడున్నావ్" అని నోటితో అడిగితే అది జవాబిస్తుంది. దెయ్యం వేటకి దిగినప్పుడు మాట్లాడితే ఆ గొంతు విని వెతుక్కుంటూ వస్తుంది. అలమరాలో దాక్కుని ఊపిరి బిగబట్టుకున్నవాడి పక్కన ఇంకొకడు "పోయిందా? పోయిందా?" అని గుసగుసలాడుతుంటే వాడి పీక పిసకాలనిపిస్తుంది. పిసుకుదామన్నా ఆ మాట బయటికి అనకూడదు.

ఇంకో చిన్న ఏర్పాటు చూడండి. కొన్ని దెయ్యాలు ఎవరూ పక్కన లేనప్పుడే జవాబిస్తాయి. నలుగురూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గదిలోకి వెళ్లి ఎంత అడిగినా ఉలకదు పలకదు. అంటే ఎవడో ఒకడు ఒంటరిగా వెళ్లక తప్పదు. అప్పుడు మొదలవుతుంది అసలు ఆట: ఎవరు వెళ్తారు? "మొన్న నేనే వెళ్లా", "నా దగ్గర టార్చ్ లేదు", "నేను వ్యాన్‌లో కెమెరా చూస్తా, అది కూడా ముఖ్యమే కదా". ఇంటి బయట ఆగి ఉన్న ఆ వ్యాన్‌లో కూర్చునేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడు పిరికివాడని అందరికీ తెలుసు, కానీ వాడు చేసే పని నిజంగానే అవసరం, అందుకే ఎవరూ ఏమీ అనలేరు. పిరికివాడికీ ఒక ఉద్యోగం ఇచ్చిన గేమ్ ఇది, ఆ ఒక్క ఆలోచనతోనే హారర్ అంటే ఆమడ దూరం పారిపోయేవాళ్లు కూడా గుంపులోకి వచ్చారు.

2023 అక్టోబర్‌లో లీథల్ కంపెనీ వచ్చింది. జీకర్స్ అనే మారుపేరుతో పనిచేసే ఒక్క డెవలపర్ చేసిన గేమ్. ఇందులో మీరు వీరులు కాదు, కూలీలు. ఒక కంపెనీ మిమ్మల్ని పాడుబడ్డ ఉపగ్రహాల మీదకి పంపి తుక్కు ఏరుకు రమ్మంటుంది. మూడు రోజుల గడువు, మొదటి కోటా, అంటే తేవాల్సిన తుక్కు విలువ, 130. అందుకుంటే తర్వాతి కోటా ఇంకా పెరుగుతుంది, అందుకోకపోతే షిప్ తలుపు తెరిచి అంతరిక్షంలోకి విసిరేస్తారు. రోజంటే నిజమైన రోజు కాదనుకోండి, ఉదయం 8కి దిగితే అర్ధరాత్రి 12కి షిప్ తనంతట తానే లేచిపోతుంది, ఎక్కనివాడి సంగతి దానికి అక్కర్లేదు.

ఈ కోటా అనేది బయటికి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆటని తిప్పే ఇరుసు ఇదే. ఒంటరిగా ఆడే హారర్ గేమ్‌లో ముందుకి వెళ్లాలంటే వెళ్లడం తప్ప దారి లేదు, కాబట్టి వెళ్తాం. ఇక్కడ వెనక్కి తిరిగిపోవచ్చు, ఎవరూ ఆపరు. చేతిలో ఉన్న నాలుగు సామాన్లు చాలు అనుకుని షిప్‌కి పోవచ్చు. కానీ ఇంకో 40 తక్కువైంది, లోపల ఇంకో గది ఉంది, టైం ఇంకా సాయంత్రం 5. ఇక నలుగురూ తలుపు దగ్గర నిలబడి తర్జనభర్జన పడతారు. ఆశ చావదు, ధైర్యం చాలదు. చివరికి చచ్చిపోయినప్పుడు తిట్టుకోవడానికి గేమ్ ఉండదు, "ఇంకొక్క గది అన్నది ఎవడ్రా" అనే ప్రశ్న ఉంటుంది. నింద గేమ్ మీద పడకుండా ఫ్రెండ్ మీదకి మళ్లించడం కంటే తెలివైన డిజైన్ ఈ మధ్య రాలేదంటే అతిశయోక్తి కాదు.

మాన్‌స్టర్ల సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఒక్కోదానికీ ఒక్కో నియమం. కాయిల్ హెడ్ అని ఒకటుంది, స్ప్రింగ్ మెడతో ఊగే బొమ్మ, దాన్ని చూస్తున్నంతసేపూ కదలదు, చూపు తిప్పితే మీదకి దూసుకొస్తుంది. బ్రాకెన్ వెనక నుంచి చప్పుడు లేకుండా వస్తుంది, దాన్ని ఒకసారి చూస్తే వెనక్కి తగ్గుతుంది, అలాగే గుడ్లప్పగించి చూస్తూ ఉంటే కోపం తెచ్చుకుని మెడ విరిచేస్తుంది. జెస్టర్ తన పెట్టె హ్యాండిల్ తిప్పుతూ పాట వాయిస్తుంది, పాట అయిపోయిందంటే అందరూ భవనం వదిలి పోవాల్సిందే. సాయంత్రమయ్యేసరికి బయట కళ్లులేని కుక్కలు తిరుగుతాయి, వాటికి చూపు లేదు కాబట్టి చప్పుడు పట్టుకుని వస్తాయి, మైక్‌లో మీరు మాట్లాడే మాట కూడా వాటికి చప్పుడే.

ఒక్కడే ఆడితే ఈ నియమాలన్నీ తేలికే. కాయిల్ హెడ్‌ని చూడు, బ్రాకెన్‌ని ఎక్కువసేపు చూడకు, కుక్కల దగ్గర నోరు మూసుకో. అయిపోయింది. నలుగురున్నప్పుడు ఆ నియమం ఒకడి నుంచి ఇంకొకడికి చేరాలి, అక్కడ తేడా కొడుతుంది. కాయిల్ హెడ్‌ని ఒకడు చూస్తూ వెనక్కి నడుస్తుంటాడు, "నేను చూస్తున్నా, మీరు పొండి" అంటాడు, ఇంకొకడు అదే సమయంలో "నేను కూడా చూస్తున్నాలే" అంటాడు, ఇద్దరూ అవతలివాడు చూస్తున్నాడు కదా అని ఒకేసారి తల తిప్పుతారు. బ్రాకెన్ విషయంలో ఉల్టా. ముగ్గురూ వంతులేసుకుని దాన్నే చూస్తారు, పాపం దానికి కోపం రాక ఏమవుతుంది. ఇక కుక్కల దగ్గరైతే చెప్పక్కర్లేదు. మాట్లాడొద్దు అని చెప్పాలంటే మాట్లాడాలి. ఒకడు "ష్..." అంటాడు, ఆ "ష్" విని కుక్క వస్తుంది. రెండోవాడికి వినపడక "ఏంటీ?" అని అరుస్తాడు. మూడోవాడు నవ్వాపుకోలేడు. ముగ్గురూ పోయాక షిప్‌లో ఉన్నవాడు వాకీటాకీలో "జాగ్రత్త, మీ దగ్గర కుక్క ఉంది" అంటాడు, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, ఇక్కడ మొరిగేది మనిషి అనేదొక్కటే తేడా.

ఆ షిప్‌లోవాడి పని ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ గోలంతా ఎంత లెక్కగా పేర్చారో అక్కడే తెలుస్తుంది. వాడికి రాడార్ మీద లోపలివాళ్లు చుక్కల్లా కనిపిస్తారు, మాన్‌స్టర్లు ఎర్ర చుక్కల్లా. లోపలివాళ్లకి ముఖ్యమైన తలుపులు వాడే కోడ్ టైప్ చేసి తీయాలి, వేయాలి. వాడికి అన్నీ కనిపిస్తాయి, వాకీటాకీ లేకపోతే ఏదీ చెప్పలేడు. లోపలివాళ్లకి ఏమీ కనిపించదు, కానీ అక్కడ ఉన్నది వాళ్లే. వాకీటాకీ పట్టుకుంటే ఆ చోటు మేర తుక్కు తక్కువ మోయాలి, మొత్తం చోటే నాలుగింటికి. అందుకని చాలాసార్లు వాకీటాకీ వద్దనుకుని పోతారు. రాడార్ మీద ఎర్ర చుక్క మెల్లగా తన ఫ్రెండ్ చుక్క వెనక నడుస్తుంటే షిప్‌లోవాడు తెర ముందు ఒంటరిగా అరుస్తుంటాడు, ఆ అరుపు ఎవరికీ చేరదు. మొత్తం గేమ్‌లో అన్నిటికంటే భయంకరమైన కుర్చీ అదేననిపిస్తుంది, పేరుకి సేఫ్ ప్లేస్.

అసలు భయపడాల్సిన చోట నవ్వెందుకొస్తుందనే దానికి మనస్తత్వ శాస్త్రంలో రెండు మూడు వివరణలున్నాయి. డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో చెప్పిన ఉద్రేక బదిలీ సిద్ధాంతం ప్రకారం, ఒక కారణంతో శరీరంలో రేగిన ఉద్రేకం వెంటనే చల్లారదు, గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది, ఆ లోపల వేరే భావం వస్తే ఆ ఉద్రేకం దానికి తోడై దాన్ని పెద్దది చేస్తుంది. భయంతో ఎక్కిన టెన్షన్ ఆపద దాటగానే నవ్వులోకి మళ్లుతుందన్నమాట. మామూలుగా పెదవి కూడా కదలని జోకుకి పొట్ట చెక్కలయ్యేది అందుకే. ఇంకోటి 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ ప్రతిపాదించింది: ఏదో తప్పు జరుగుతోంది, అదే సమయంలో దానివల్ల ప్రమాదం లేదు అని రెండూ ఒకేసారి తోచినప్పుడు నవ్వొస్తుంది. మాట మధ్యలో ఫ్రెండ్ మాయమైపోవడం తప్పే, ఘోరమే, కానీ వాడు నిజంగా ఎక్కడో కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ తీసి తల పట్టుకుని ఉంటాడని తెలుసు.

భయం మోతాదు కూడా ముఖ్యమే. డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక హాంటెడ్ హౌస్‌కి వచ్చినవాళ్ల గుండె వేగం కొలిచి 2020లో ఒక పరిశీలన ప్రచురించారు. మరీ తక్కువ భయంలో మజా లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో ఉంది అని తేలింది. ఒంటరిగా ఆడే హారర్ గేమ్‌లో ఆ మధ్య స్థానం దొరకడం కష్టం, కొందరికి చప్పగా ఉంటుంది, కొందరు అరగంటకే ఆపేస్తారు. పక్కన ఫ్రెండ్ ఉంటే మోతాదు దానంతటదే సర్దుకుంటుంది. భయం మరీ ఎక్కువైతే వాడి దగ్గరికి పరిగెత్తొచ్చు, మరీ తక్కువైతే వాడే ఏదో తింగరి పని చేసి పెంచుతాడు. ప్రాక్సిమిటీ చాట్ ఈ మోతాదుని తిప్పే బటన్ లాంటిది, ఆ బటన్ ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు.

తర్వాత వచ్చిన గేమ్స్ ఇదే కిటుకుని వేరే వేరే వైపుల నుంచి పట్టుకున్నాయి. 2024 ఏప్రిల్ 1న వచ్చిన కంటెంట్ వార్నింగ్‌ని మొదటి 24 గంటలు ఉచితంగా ఇచ్చారు, ఆ ఒక్కరోజులోనే 60 లక్షల మందికి పైగా తీసుకున్నారు. ఇందులో తుక్కు బదులు వీడియో. పాతాళంలాంటి చోటికి దిగి భయంకరమైనవి కెమెరాలో తీసి, పైకొచ్చి అప్‌లోడ్ చేసి వ్యూస్ తెచ్చుకోవాలి. కెమెరాలో ఫిల్మ్ 90 సెకన్లే. ఫ్రెండ్‌ని మాన్‌స్టర్ పట్టుకుంటే కాపాడాలా, షూట్ చెయ్యాలా అనే ధర్మసంకటం నిజంగానే వస్తుంది, అందరూ ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. ఇందులో అద్భుతం ఏంటంటే రౌండ్ అయ్యాక నలుగురూ టీవీ ముందు చేరి ఆ వీడియో కలిసి చూడటం. లోపల ఉన్నప్పుడు భయంగా ఉన్నది తెరమీద చూస్తే పక్కా కామెడీ, కెమెరా పట్టుకున్నవాడి చెయ్యి వణుకు, ఫ్రేములో సగం తల, వెనకెక్కడో ఎవడిదో అరుపు. అయితే కెమెరా తీసుకొచ్చేవాడు బతికి రావాలి. ఒక్కడే మిగిలి కెమెరాతో పరిగెడుతుంటే చచ్చిన ముగ్గురూ వాడి వెనకే చూస్తూ ఉంటారు, ఏ క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్‌కీ అంత టెన్షన్ ఉండదు.

రెపో 2025 ఫిబ్రవరిలో వచ్చింది, ఆరుగురు వరకూ ఆడొచ్చు. దీని కొత్తదనం బరువు. దొరికిన వస్తువుని జేబులో వేసుకోవడం కుదరదు, గాల్లో పట్టుకుని మోయాలి, గోడకి తగిలితే దాని విలువ తగ్గుతుంది, ఎంత తగ్గిందో అంకె అక్కడికక్కడే కళ్లముందు తేలుతుంది. పియానో లాంటిదాన్ని ముగ్గురు కలిసి తలుపులోంచి బయటికి తేవడం ఊహించండి. "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదు నా ఎడమ", ఠప్ మని తలుపు చట్రానికి తగిలి వేలల్లో పోతుంది. అప్పుడే వెనక గదిలో ఏదో కదిలిన చప్పుడు. ఇప్పుడు పియానో వదిలేసి పారిపోవాలా, మోసుకుంటూ పారిపోవాలా? వదిలితే పగులుతుంది. మోస్తే మీదకొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పియానో. పైగా ఇందులో హంట్స్‌మన్ అనేవాడు గుడ్డివాడు, చేతిలో తుపాకీ, చప్పుడు విన్నవైపు పేలుస్తాడు. పగిలే వస్తువులు, చప్పుడు వినే మాన్‌స్టర్, ఒకరినొకరు తిట్టుకోకుండా ఉండలేని ఆరుగురు. ఇంక గేమ్‌ వేరే ఏం చెయ్యక్కర్లేదు. ఇందులో ఆడేవాళ్ల పాత్రలు రోబోలు, మాట్లాడినప్పుడల్లా ఆ రోబో తల డబ్బా మూతలా తెరుచుకోవడం మాత్రం అదనపు పుణ్యం, ఏడుస్తూ బతిమాలుతున్నవాడి తల అలా టపటపలాడుతుంటే జాలి ఎక్కడొస్తుంది.

చచ్చినవాళ్లని ఏం చేస్తారన్నది ఈ గేమ్స్‌లో పెద్ద సమస్య. ఐదు నిమిషాలకే పోయినవాడు మిగతా రౌండంతా ఖాళీగా కూర్చోవాలి. లీథల్ కంపెనీలో చచ్చినవాళ్లు బతికున్నవాళ్లని చూడొచ్చు, తమలో తాము మాట్లాడుకోవచ్చు, బతికున్నవాడికి వాళ్ల మాట వినిపించదు. అంటే పోయినవాళ్లంతా ప్రేక్షకులు, ఒక్కడే నటుడు. వాళ్ల చేతిలో ఉన్నది షిప్‌ని ముందే లేపమని ఓటు వెయ్యడం ఒక్కటే, అది ఎంత దుర్వినియోగం అవుతుందో అనుభవించినవాళ్లకి తెలుసు. శవాన్ని షిప్‌కి మోసుకొస్తే జరిమానా తగ్గుతుంది కాబట్టి బతికున్నవాడు ఫ్రెండ్ శవాన్నీ తుక్కునీ పక్కపక్కన పెట్టి ఏది మోయాలా అని ఆలోచిస్తుంటే, ఆ శవం తాలూకు మనిషి పైనుంచి చూస్తూ బూతులు తిడుతుంటాడు. రెపోలో పోయినవాడి తల మిగులుతుంది, దాన్ని సామాను అప్పగించే చోటికి చేరిస్తే వాడు లేచొస్తాడు. ఇది దయగల పద్ధతి, కాకపోతే లీథల్ కంపెనీలో ఉన్న ఆ మాట్లాడలేని మంట ఇందులో కొంచెం తగ్గింది.

మౌనం ఎంత పదునైన ఆయుధమో లీథల్ కంపెనీలోని ముసుగు మాన్‌స్టర్ చూస్తే అర్థమవుతుంది. అది ఆటగాడిలాగే బట్టలేసుకుని ఎదురొస్తుంది, నడక కూడా దాదాపు అలాగే. తేడా ఒక్కటే, అది మాట్లాడదు. అందుకని చీకట్లో ఎవరెదురైనా మొదట అనే మాట "ఏదైనా మాట్లాడరా". కొందరు ఫ్రెండ్స్ కావాలనే మాట్లాడకుండా చేతులు చాపి నడుచుకుంటూ వస్తారు, తర్వాత నిజమైనదెదురైనప్పుడు "చాల్లేరా నీ వేషాలు" అంటూ దాని దగ్గరికే వెళ్తారు. నాన్నా పులి కథే. స్కిన్‌వాకర్స్ అనే మాడ్ (అభిమానులు తయారుచేసి గేమ్‌కి తగిలించే మార్పు) అయితే ఇంకో మెట్టు ఎక్కింది, ఆడుతున్నవాళ్ల గొంతులు రికార్డ్ చేసి మాన్‌స్టర్ల నోట వినిపిస్తుంది. పది నిమిషాల క్రితం మీరన్న మాటే మీ గొంతుతో మలుపు అవతల నుంచి వస్తుంది. అప్పటిదాకా గొంతు వినిపిస్తే ధైర్యం, ఇక అది కూడా లేదు.

ఈ గేమ్స్‌కి ఆయుష్షు తక్కువ అనే మాటలో నిజముంది. గుంపులో ఒకడు అన్ని మాన్‌స్టర్ల నియమాలూ ముందే చదువుకుని వచ్చాడంటే సగం ఆట అక్కడితో సరి. వాడు ఆపద వచ్చినప్పుడల్లా క్లాసు పీకుతాడు, మిగతావాళ్లు వాడు చెప్పినట్టు నడుస్తారు, కోటా దాటుతుంది, ఎవరికీ మజా ఉండదు. ఇరవై ముప్పై మంది ఆడేలా మాడ్ వేసుకుంటే మొదట్లో పెళ్లిసందడిలా ఉంటుంది గానీ ఎవరి గొంతు పోయిందో ఎవరికీ తెలీదు, దాంతో భయమూ పోతుంది. నలుగురు, మహా అయితే ఆరుగురు, అంతే ఈ గేమ్స్‌కి కొలత, ఎందుకంటే ఒక గొంతు లేకపోతే వెంటనే చెవికి తెలియాలి. నిజంగా గుండెదడ వచ్చేంత భయపడేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లని వెనక నుంచి పదేపదే అదరగొట్టడం సరదా అనుకునేవాడు ఉన్న గుంపు ఎక్కువ రోజులు నిలవదు, వారానికల్లా లాబీలో ఇద్దరే మిగులుతారు.

ఇలాంటివాటన్నిటికీ కలిపి ఫ్రెండ్‌స్లాప్ అని ఒక ఎగతాళి పేరు కూడా పెట్టారు, ఫ్రెండ్స్ ఉంటేనే బాగుండే చవకబారు సరుకు అనే అర్థంలో. 2025 జూన్‌లో వచ్చిన పీక్‌ని కూడా ఇదే గాట కట్టారు, అది హారర్ కాదు, కొండెక్కే ఆట, కానీ అందులోనూ జారిపోతున్నవాడి అరుపు కిందకి కిందకి సన్నబడుతుంది. ఎగతాళిలో కొంత న్యాయం లేకపోలేదు, ఒకటి హిట్టయితే దాని నకళ్లు పుట్టగొడుగుల్లా వస్తాయి, వాటిలో చాలావాటికి చీకటి, ప్రాక్సిమిటీ చాట్ తప్ప ఇంకేమీ ఉండదు. కానీ ఫ్రెండ్స్ లేకపోతే బాగుండదు అనేది తప్పెలా అవుతుంది? కబడ్డీ కూడా ఒక్కడే ఆడితే బాగుండదు. ఈ డెవలపర్లు రాయనిది డైలాగులు, వాటిని ఆడేవాళ్లకి వదిలేశారు. వాళ్లు రాసింది డైలాగ్ ఎక్కడ తెగాలన్నది.

రౌండ్ అయిపోయి షిప్ పైకి లేవగానే అందరి మైకులూ మళ్లీ కలుస్తాయి. రిపోర్ట్ తెర వస్తుంది, ఎవడు అందరికంటే బద్ధకస్తుడో, ఎవడు అనవసరంగా భయపడ్డాడో రాసి ఉంటుంది, దాన్ని సరిగ్గా చదివేలోపే నలుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. షిప్‌లో కూర్చున్నవాడు తను ఎంత అరిచాడో చెప్తాడు. ఇనుప రేకు మోసినవాడు మెట్లు కనపడలేదంటాడు. అందరికంటే ముందు పోయినవాడికి మాత్రం చెప్పాల్సింది ఒక్కటే మిగిలి ఉంటుంది, ఇందాక తెగిపోయిన వాక్యం.

"కొంచెం ముందుకి టార్చ్ కొట్టరా అందామనుకున్నా."

"టార్చ్ నీ చేతిలోనే ఉంది కదరా."

"అవును, అది తర్వాత చూసుకున్నా."